మనవాళ్ళ దగ్గర అడ్వాన్సా?

ఇక్బాల్ అన్న మీద నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఆయన్ని పొగడటానికే కూర్చున్నానని అనుకుంటారు. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే. నేను హాస్పిటల్లో నర్సుని. ఆయన టౌన్లో ఒక కార్ల డీలర్‌షిప్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటరు చూసేవాడు. సాయంత్రానికి ఇద్దరం ఒకేలా వేలాడే మొహాలతో ఇల్లు చేరేవాళ్ళం. నాది కాళ్ళ పీకుడు. ఆయనది పొద్దస్తమానం ఒకే ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ వచ్చిన నీరసం.

ఆ ప్రశ్న ఏంటంటే, మీ దగ్గర ఇంత రేటెందుకు అని.

ఆయనది ఒంగోలు. వాళ్ళ నాన్నకు కర్నూలు రోడ్డులో లారీ సామాన్ల కొట్టుండేది. లారీ ఓనరు వచ్చి ఫలానాది తెప్పించు అనేసి వెళ్ళిపోతే, దాన్ని మద్రాసు నుంచి తెప్పించి, అట్టముక్క మీద పేరు రాసి, పక్కన పెట్టేవాళ్ళట. ముందుగా డబ్బడిగితే మనిషిని నమ్మనట్టే లెక్క. ఇక్బాల్ అన్న డిప్లొమా చదివాడు, మస్కట్‌లో కొన్నాళ్ళు చేశాడు, భార్య హమీదానీ కూతురు యుస్రానీ తీసుకుని ఇక్కడికొచ్చి మెడలో బ్యాడ్జీ వేసుకున్నాడు. అయినా ఒంగోలు కొట్టు ఆయన్ని వదల్లేదు.

డీలర్‌షిప్‌లో పద్ధతి వేరు. స్టాకులో లేని సామాను తెప్పించాలంటే ముందు డిపాజిట్ కట్టించుకోవాలి. ఎందుకంటే ఒకసారి తెప్పించాక కంపెనీ వెనక్కి తీసుకోదు. కొనేవాడు రాకపోతే అది అరలో పడుండాల్సిందే. తెల్లవాళ్ళ దగ్గర ఇక్బాల్ అన్న ఈ రూలు తు.చ. తప్పకుండా పాటించేవాడు. తెలుగు మొహం కనబడితే మాత్రం ఆయన చెయ్యి రసీదు పుస్తకం మీదికి పోయేది కాదు. మనవాళ్ళ దగ్గర అడ్వాన్సేంటి అని పేరు రాసుకుని, టీ తాగి వెళ్ళమనేవాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వై టూ కే భయం పుణ్యమా అని మా ఊరికి కూడా కంప్యూటర్ కుర్రాళ్ళు దిగారు. ఒకళ్ళు సిటీ కౌన్సిల్లో, ఒకళ్ళు యూనివర్సిటీలో, ఇంకొకళ్ళు ఏ ఆఫీసులోనో. ఇక్కడ బస్సుల్ని నమ్ముకుంటే అంతే సంగతులు. అందుకని వచ్చిన వారానికే ప్రతివాడూ ముక్కుతూ మూలుగుతూ నడిచే పాత జపాన్ కారొకటి కొనేవాడు. కొన్న నెలకి దాన్ని తీసుకుని ఇక్బాల్ అన్న కౌంటరు ముందు నిలబడేవాడు. ఆ రోజుల్లో ఆయన మొహం వెలిగిపోతుండేది, కాదనను. తెలుగు వినపడని ఊళ్ళో పని వేళల్లో కూడా తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ పేలలేదు, ఏ విమానమూ కూలలేదు. పని అయిపోయిన కుర్రాళ్ళు సగం మంది సిడ్నీకో మెల్‌బోర్న్‌కో చెప్పాపెట్టకుండా ఎగిరిపోయారు. మిగిలినవాళ్ళు ఇంటర్నెట్‌లో కొనడం నేర్చారు. ఆఫీసులో ప్రింటు తీసిన కాగితం తెచ్చి కౌంటరు మీద పరిచి, అంకుల్, ఇదే సామాను ఇక్కడ సగానికే ఇస్తున్నారు, మీరెంతకిస్తారు అనేవాళ్ళు. ఆయన తన చేతిలో ఉన్న తగ్గింపంతా ఇచ్చేవాడు. అది ఆ కాగితం దరిదాపులకి కూడా వచ్చేది కాదు.

ఒకసారి నేనూ అడిగాను, నిజంగా అంత తేడా ఎందుకని. ఆయన గోడకి ఆనుకున్నాడు.

"ఏం చెప్పమంటావమ్మా. ఆ ఇంటర్నెట్ వాడికి కొట్టు లేదు, అద్దె లేదు. సరిపోకపోతే మళ్ళీ తీసుకుంటాడో లేదో దేవుడికే ఎరుక. మా దగ్గర పదేళ్ళనాటి కారుక్కూడా సామాను దొరుకుతుంది, తప్పుది ఇస్తే మారుస్తాం. అదంతా రేట్లోనే ఉంది. నా జీతం కూడా అందులోనే ఉంది. జనం ఎక్కువ రేటనేది నన్నే."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అలా తెలుగు పేర్లతో ఒక అర నిండిపోయింది. అద్దాలు, రేడియేటర్లు, బంపర్లు. పేరున్న మనిషి ఊళ్ళోనే లేడు, లేదా వేరేచోట కొనేసుకున్నాడు. మొహమాటం కొద్దీ ఎవడూ వచ్చి నాకొద్దని చెప్పడు. మొహమాటం కొద్దీ ఈయన ఫోన్ చేసి అడగడు. డబ్బు ముందు తీసుకోమని నేను చెప్పాను, హమీదా చెప్పింది. హైస్కూలు చదివే యుస్రా, "డాడ్, దే ఆర్ కస్టమర్స్, నాట్ కజిన్స్" అంది. చిన్నపిల్లవి, నీకు తెలీదని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

నవంబర్లో మేనేజరు పిలిచాడు. ఏడాది చివర స్టాకు చూసే సమయానికి ఆ అర ఖాళీ కావాలన్నాడు. కాకపోతే కౌంటర్లో ఇంకొకరిని పెట్టుకుంటామన్నాడు. ఇక్బాల్ అన్నకి అప్పటికి యాభై దాటాయి. ఆ ఊళ్ళో ఆ వయసులో, ఆ చదువుతో, మళ్ళీ ఉద్యోగం అంటే మాటలు కాదు. ఈ సంగతి హమీదా బట్టలారేస్తూ ఫెన్సు అవతల్నుంచి నాకు చెప్పింది. చెబుతూనే క్లిప్పులన్నీ గడ్డిలో పారేసుకుంది.

ఆయన మెకానిక్కుల చుట్టూ తిరిగి, వచ్చినకాడికి అమ్మేసి, అర చాలావరకు ఖాళీ చేశాడు. చివరికి ఒకే పెట్టె మిగిలింది. అది ఏసీ కంప్రెసర్. అన్నిటికన్నా ఖరీదైంది. దాని మీదున్న పేరు రాధాకృష్ణ.

రాధాకృష్ణ పరాయివాడైతే ఇంత కథ ఉండేది కాదు. విజయవాడ కుర్రాడు, యూనివర్సిటీలో కంప్యూటర్ల పని. వచ్చిన కొత్తలో ఇక్బాల్ అన్న ఇంట్లోనే ఉన్నాడు. హమీదా చేతి పప్పు తిని, యుస్రాకి లెక్కలు చెప్పినవాడు. వాడే కదా, ఇవాళ కాకపోతే రేపొస్తాడు అని ఆయన ధీమా. రేపు రేపంటూ ఇక్కడి వేసవి వచ్చేసింది.

డిసెంబర్లో ఒక ఆదివారం పిక్నిక్ పాయింట్ పార్కులో రాధాకృష్ణ అందరికీ బార్బీ, అదే బార్బెక్యూ విందు, పెట్టాడు. పర్మనెంట్ ఉద్యోగం వచ్చినందుకు. హమీదా బ్రిస్బేన్ నుంచి తెప్పించిన హలాల్ చికెన్ మసాలా పట్టించి తెచ్చింది. ఇవాళ అడుగుతానని ఇక్బాల్ అన్న ఆవిడకి మాటిచ్చాడట. నేను ప్లేట్లు సర్దే నెపంతో అక్కడే నిలబడ్డాను. అడక్కుండా వచ్చేస్తాడేమోనని నా భయం.

ఆయన ముందు వర్షాల గురించి మాట్లాడాడు. తర్వాత ఉద్యోగం గురించి. కారెలా ఉందని అడిగాడు. బ్రహ్మాండంగా ఉంది అంకుల్, ఏసీ కూడా బాగు చేయించాను, సిడ్నీ నుంచి ఆన్‌లైన్లో తెప్పించాను, మీ రేటులో సగం కూడా కాలేదు అన్నాడు వాడు. దాచలేదు, తడబడలేదు. చికెన్ తిప్పుతూ హాయిగా చెప్పాడు.

ఇక్బాల్ అన్న చేతిలోని ప్లేటు పక్కన పెట్టాడు.

"మరి నీ పేరు మీద తెప్పించింది నా దగ్గరుంది కదా, రాధా."

వాడి చేతిలో పట్టకారు ఆగిపోయింది.

"నిజంగా ఆర్డర్ పెట్టేశారా అంకుల్? మీరు డిపాజిట్ తీసుకోలేదుగా. సో ఇట్స్ నాట్ కన్ఫర్మ్డ్ అనుకున్నాను. సీరియస్ అయితే డబ్బు కట్టమనేవారు కదా అని..."

వాడు అబద్ధం చెప్పలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. అబద్ధమైతే అక్కడే నాలుగు దులిపేసేదాన్ని. డబ్బు అడక్కపోవడం ఇక్బాల్ అన్న దృష్టిలో అన్నిటికన్నా గట్టి మాట. వాడికి అది అసలు మాటే కాదు. ఇన్నేళ్ళు ఇంతమందికి ఆయన ఇచ్చిన గౌరవం ఎవరికీ గౌరవంగా అందలేదని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ మొహం చూడలేక నేను ప్లేట్ల వైపు తిరిగాను.

రాధాకృష్ణ వెంటనే డబ్బిస్తానన్నాడు, చెక్ బుక్ కారులోనే ఉందన్నాడు. వద్దన్నాడు ఈయన. నువ్వు చెప్పింది నిజమే, పొరపాటు నాదే అన్నాడు. అక్కడే కూర్చుని, పెట్టిందంతా తిని, అందరితో పాటు ఇంటికొచ్చాడు.

మర్నాడు ఆయన మేనేజరు దగ్గరికెళ్ళి కంప్రెసర్ ఖరీదు తన జీతంలోంచి కోసుకోమన్నాడు. ఉద్యోగం నిలిచింది. హమీదా ఆ రోజు మాకు సేమ్యా పాయసం పంపింది. నేనూ సంతోషించాను. ఇప్పటికైనా బుద్ధొచ్చింది అని పైకే అన్నాను కూడా.

ఫిబ్రవరిలో ఒక ఉరుముల వానకి నా కారు వైపర్లు ఆగిపోయాయి. మోటారు పోయిందన్నాడు మెకానిక్. ఇంటర్నెట్‌లో చూడమని హాస్పిటల్లో అందరూ చెప్పారు. నేను చూడలేదు. డ్యూటీ దిగి, యూనిఫారంలోనే, నేరుగా ఇక్బాల్ అన్న కౌంటరుకి వెళ్ళాను. కౌంటరు ముందు ఇంకెవరూ లేరు. కారు వివరాలు చెబితే కంప్యూటర్లో చూశాడు. స్టాకులో లేదు, మెల్‌బోర్న్ నుంచి రావాలన్నాడు. సరే తెప్పించన్నా అన్నాను, బ్యాగు భుజాన వేసుకుని కదలబోతూ.

ఆయన తలెత్తలేదు. రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"దేర్ ఈజ్ ఎ డిపాజిట్, ప్లీజ్," అన్నాడు.

ఇంగ్లీషులో అన్నాడు. మా మధ్య ఇన్నేళ్ళలో ఇంగ్లీషు ముక్క దొర్లింది లేదు. ఆ మాట ఆయన చేత అనిపించాలని పోరు పెట్టినవాళ్ళలో మొదటిదాన్ని నేనే. తీరా విన్నాక బ్యాగు మళ్ళీ భుజం మీంచి దించాను. డబ్బు తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన లెక్కచూసి సొరుగులో వేసి, రసీదు మీద నా పేరు రాశాడు. రాసి, ఫోన్ నంబరు అడిగాడు.

హమీదాకి ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఆయన ఫోన్ చేసేది మా ఇంటికే. ఆ నంబరు ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. అయినా పెన్ను పట్టుకుని, నేను చెప్పేదాకా ఆగాడు. ఒక్కో అంకే చెప్పాను.