నేను దాచుకున్న పన్నెండు మాటలు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. నాలుగేళ్లుగా ఒక విషయం నాతో పాటే నిద్ర లేస్తోంది, నాతో పాటే ఆఫీసుకు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటోంది. మొదట్లో దాని బరువు తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదు. బరువు కంటే ఆ తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. మనిషికి ఏదైనా సరే ఇంతగా అలవాటవుతుందా?

రాస్తూ రాస్తూ ఏడుస్తానేమోనని చాలాసార్లు వాయిదా వేశాను. ఇప్పుడు కూర్చున్నాను. ఏడుపేమీ రావడం లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పట్లో హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో నేను ముఖ్య ప్రోగ్రామర్‌ని. మేం ఒక టోకెన్ ఎక్స్ఛేంజ్ తయారు చేశాం. అంటే ఒక రకం డిజిటల్ నాణేలు ఇచ్చి ఇంకో రకం తీసుకునే చోటు. మధ్యలో బ్యాంకు లేదు, దళారీ లేడు. బ్లాక్‌చెయిన్ మీద పెట్టిన కోడే ఇచ్చిపుచ్చుకోవడమంతా చూసుకుంటుంది. ఆ కోడ్‌ని ఎవరైనా చదువుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు. ఒకసారి పెట్టాక మార్చడం మాత్రం ఎవరి వల్లా కాదు. ఇక్కడ ఎవరి పెత్తనమూ లేదు, ఇదీ మేం చెప్పుకునే గొప్ప. మా వెబ్‌సైట్‌లో మొదటి వాక్యం కూడా అదే. అది నేనే రాశాను.

కానీ ఒకచోట పెత్తనం మిగిలిపోయింది. పొరపాటున వచ్చి పడిన టోకెన్లను వెనక్కి పంపే అధికారం ఒక తాళంచెవికి ఉండేలా తొలి రోజుల్లో రాసి పెట్టాను. దాన్ని తీసేయాలంటే బయటివాళ్లతో కోడ్ మళ్ళీ మొదటి నుంచి తనిఖీ చేయించాలి. అంత వ్యవధి లేదు. కంపెనీ పెట్టిన శ్రీకర్ ఒక ఉపాయం చెప్పాడు. ఆ తాళంచెవిని అందరి ముందూ నాశనం చేసేస్తే సరిపోతుంది, అప్పుడు అధికారం ఉన్నా లేనట్టే కదా అన్నాడు. అందరం బాగుందన్నాం.

తాళంచెవి అంటే ఇనప ముక్క కాదు. పన్నెండు మామూలు ఇంగ్లీషు మాటలు. గొడుగు, ఉప్పు, నిచ్చెన, అలాంటివి. వరస తప్పకుండా అవి చెప్పగలిగినవాళ్లదే అధికారం.

ఎక్స్ఛేంజ్ విడుదల చేసిన రోజు మధ్యాహ్నం మీటింగ్ రూంలో అందరం గుమిగూడాం. ఆ పన్నెండు మాటలు రాసిన కాగితాన్ని నేను నాలుగు ముక్కలుగా చింపి, కాగితాలు కత్తిరించే మెషిన్‌లో వేశాను. సన్నటి పీలికలై కింద పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు వచ్చాయి. ఆ వీడియో ఈ రోజుకీ నెట్‌లో ఉంది.

అంతకు ముందు రోజు పొద్దున, పుప్పాలగూడలో మా ఇంట్లో, నా పాత ఎంసీఏ నోట్సు వెనక పేజీలో ఆ పన్నెండు మాటలూ పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

ఎందుకు? దురాశ కాదు. కనీసం అప్పుడు కాదు. నేను రాసిన కోడ్ మొదటిసారి జనం సొమ్ము మీదికి వెళుతోంది, నాకు తెలియని తప్పు ఏదో అందులో ఉండి ఎవరికైనా నష్టం జరిగితే ఏం చేయాలన్న భయం. ఒక నెల ఉంచి తర్వాత చెరిపేద్దామనుకున్నాను. నెల గడిచింది. చెరపలేదు. ఇంకో కాగితం ఉందా అని ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు. నన్ను నమ్మారు.

ఇప్పుడు యాదగిరి గురించి చెప్పాలి.

యాదగిరి మా టెస్టర్. నేను రాసిన దాంట్లో తప్పులు పట్టడం అతని పని. వాళ్ల నాన్న మల్లయ్యగారికి బాలానగర్‌లో కిరాయి షెడ్డులో ఒక లేత్ మెషిన్ ఉండేది. వెంట్రుకంత తేడా వచ్చినా ముక్క కూర్చోదని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాడు. కోడ్‌ని కూడా అలాగే చూసేవాడు. నన్ను చేరిన రోజు నుంచీ అక్కా అనే పిలిచాడు. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని, నా 'అండి'లకు నవ్వేవాడు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సర్వపిండి తుంచి నా మూత మీద పెట్టేవాడు. మీటింగ్ రూంలో నేను కాగితం చింపుతుంటే ఫోన్‌తో వీడియో తీసింది అతనే.

ఆ ఏడాది షెడ్డు యజమాని స్థలం అమ్మేస్తానన్నాడు. బయటివాళ్లకు పోకుండా తామే కొనుక్కోవాలని తండ్రీ కొడుకులు ఎప్పటి నుంచో కూడబెడుతున్నారు. రిజిస్ట్రేషన్‌కి కొన్ని నెలలుంది. ఈలోగా ఊరికే ఉంచడమెందుకని యాదగిరి ఆ సొమ్మంతా టోకెన్లలోకి మార్చాడు. మన ఎక్స్ఛేంజ్‌లోనే వేస్తానన్నాడు. అక్కడ నిల్వ ఉంచినవాళ్లకు కొంత రాబడి వస్తుంది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. నా తప్పులన్నీ చూసినవాడు నా కోడ్‌నే నమ్ముతున్నాడు కదా.

విడుదలైన మూడో నెలలో ఒక ఉదయం నేను ఆఫీసు ప్యాంట్రీలో టీ కలుపుకుంటున్నాను. యాదగిరి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, ఒక తప్పు జేసిన."

"ఏమైంది?"

"ఎంఎంటీఎస్ రైల్ల నిలబడి ఫోన్‌ల జేసిన. మన యాప్‌ల నుంచి వెయ్యాలె గద, నేను నేరుగ కాంట్రాక్ట్ అడ్రస్‌కే పంపిన. రోజు టెస్టింగ్‌కు గదే కాపీ జేస్త గద. అలవాటుల గదే పడ్డది."

"ఎంత?"

"మొత్తం."

నేను చెంచా కింద పెట్టాను. కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చెయిన్ మీద ఉన్న మా కోడే; యాప్ ద్వారా కాకుండా నేరుగా దానికి పంపినవి ఎవరి పేరునా జమ కావు. బావిలో వేసిన చెంబులా అక్కడే ఉండిపోతాయి, అందరికీ కనబడుతూ. వాటిని తీయగలిగేది ఒక్క తాళంచెవి.

"కోడ్ నువ్వే రాసినవ్ గదక్కా. తీసే తొవ్వ ఏమన్న ఉందా?"

ఉంది. మా ఇంట్లో, అలమరలో, పెన్సిల్ రాతలో ఉంది. ఆ పేజీ తీసి కూర్చుంటే పది నిమిషాల పని. నాకు ఆ క్షణంలోనే అంతా తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. బ్లాక్‌చెయిన్ మీద రహస్యంగా ఏదీ చేయలేం. ఆ టోకెన్లు కదిలిన మరుక్షణం ప్రపంచమంతా చూస్తుంది, తాళంచెవి బతికే ఉందని. వీడియోలో చింపింది నాటకమని. నా పేరు పోతుంది, కంపెనీ పోతుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంత సేపు పట్టింది? టీ మీద మీగడ కట్టేంత సేపు కూడా కాదు.

"లేదు యాదగిరీ. నీ ముందే కదా చింపాను. ఇంక ఎవరి వల్లా కాదు."

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. అనుమానంతో కాదు. ఆ చూపులో అనుమానం ఉండి ఉంటే నాకు ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉండేది.

"అవు. వీడియో తీసింది నేనే. నిన్ను అడుగుడే తప్పు" అన్నాడు. తర్వాత, "నువ్వు ఫికర్ చెయ్యకక్కా. తప్పు నాది" అన్నాడు.

నన్నే ఓదార్చాడు. నేను ఓదార్పు తీసుకున్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే దీన్ని భయంతో చేసిన తప్పు అని చెప్పుకునేదాన్ని. ఆగలేదు. సంగతి తెలిసి శ్రీకర్ మొదట అయ్యో అన్నాడు. రెండు రోజుల తర్వాత అతనికి ఇంకొకటి తోచింది. సొంత మనిషి సొమ్మునే వెనక్కి తీయలేకపోయాం, మా మాటకు ఇంతకంటే రుజువేం కావాలి? ఈ మాట జనంలోకి వెళ్లాలన్నాడు. హైటెక్ సిటీలో ఒక సభ జరిగింది, మాలాంటి కంపెనీల వాళ్లంతా వచ్చారు. యాదగిరినే వేదిక ఎక్కించారు.

"నా పైసలే పోయినయ్. కోడ్ రాసిన మా అక్క తోని కూడ కాలే. మా ఎక్స్ఛేంజ్‌ల ఎవ్వరి చెయ్యి లేదు, గింతకంటె ఏం జెప్పాలె" అన్నాడు, మైకు రెండు చేతులతో పట్టుకుని. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను రెండో వరసలో ఉన్నాను. నేనూ కొట్టాను. ఆ తర్వాత మా ఎక్స్ఛేంజ్‌కి వచ్చినవాళ్లలో చాలామంది ఆ మాట విని వచ్చినవాళ్లే.

నా సొమ్ములోంచి ఇవ్వొచ్చు కదా అని మీరు అడుగుతారు. ఇస్తానన్నాను. సాయంగా అన్నాను. యాదగిరి తీసుకోలేదు. "నీ తప్పు లేనిదానికి నువ్వెందుకిస్తవక్కా?" అన్నాడు. అక్కడ చెప్పాల్సింది. ఒక్క వాక్యం. నోటి దాకా వచ్చింది అని రాయబోయాను, కానీ అది అబద్ధం. రాలేదు. లోపల ఏమీ కదల్లేదు. అతను తీసుకోకపోవడం వల్ల నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

షెడ్డు వేరేవాళ్లు కొన్నారు. లేత్ మెషిన్‌ని పాత ఇనుము కింద తూచి తీసుకెళ్లారట. మల్లయ్యగారు ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నారు, మీ అపార్ట్‌మెంట్లల్ల ఏమన్న పని ఉంటదా అక్కా అని యాదగిరి అడిగాడు. నేను మా అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి గేటు దగ్గర సెక్యూరిటీ పని ఇప్పించాను. యాదగిరి స్వీట్లు తెచ్చాడు. మంచి పని చేసినట్టే అనిపించింది నాకు. అలా అనిపించిందంటే నమ్ముతారా? నాకు అనిపించింది.

మల్లయ్యగారు తక్కువ మాట్లాడే మనిషి. వేళ్లు మొద్దుబారి, గోళ్ల సందుల్లో ఇంకా నూనె మరకలు. నా కారు చూడగానే లేచి గేటు తీస్తారు. ఒక ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి వెళ్లినప్పుడు నన్ను ఆపారు.

"అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నేను నలభై ఏండ్లు లేత్ మీద జేసిన. మస్తు తాళాలకు చెవులు గూడ జేసిచ్చిన. చేసినోని తాన ఇంకోటి ఉంటది. మీ తాన ఎట్ల లేకుంట పోయింది?"

"మా పని వేరండి. ఉండదు."

"గట్లనా" అన్నారు. "మావోడు గిట్లనే జెప్పిండు."

అంతే. కోపం లేదు. తెలుసుకుందామని అడిగిన ప్రశ్న. కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు.

నేను పైకి వచ్చి పాలు ఫ్రిజ్‌లో పెట్టాను. అలమరలోంచి నోట్సు తీశాను. వెనక పేజీ చింపాను. గ్యాస్ వెలిగించి ఆ మంట మీద పట్టుకున్నాను. అంట్ల గిన్నెలో బూడిద పడ్డాక కుళాయి తిప్పాను. మా ఆయన హాల్లో పేపర్ చదువుతూ, ఏదో మాడుతోంది చూడు అన్నాడు. ఏమీ లేదన్నాను.

మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇది. ఎవరి వల్లా కాదని అప్పటిదాకా చెప్పింది అబద్ధం. అబద్ధాన్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. ఆ రోజు నేను దాన్ని నిజం చేశాను. ఇప్పుడు నిజంగానే ఎవరి వల్లా కాదు. ఆ ముసలాయన అసలు నిజానికి అంత దగ్గరగా రాకపోయి ఉంటే కాల్చేదాన్నా? కాల్చకపోయి ఉంటే ఎప్పటికైనా తీసి ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్నేనని చెప్పుకోవాలని ఉంది. నాకు తెలియదు.

తర్వాత చాలాసార్లు ఆ మాటలు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆరు వస్తాయి. వరస రాదు.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. యాదగిరి మాదాపూర్‌లో ఇంకో చోట చేస్తున్నాడు. పండగలకు ఫోన్ చేస్తాడు, బాగున్నవా అక్కా అంటాడు. ఆ టోకెన్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అడ్రస్ కొడితే ఎవరికైనా కనిపిస్తాయి. నేను చూస్తుంటాను. చూసినప్పుడు ఏమనిపిస్తుందంటే, ఏమీ అనిపించదు.

అతనికి ఎందుకు చెప్పలేదు? తిడతాడని కాదు. కొట్టినా పడతాను. పోనియ్యక్కా అంటాడని. అతను ఆ మాట అనగలిగినవాడే. అది వినడానికి నాకు అర్హత లేదు, వినకుండా ఉండే ధైర్యమూ లేదు.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను క్షమించలేరు, మీది కాదు కదా పోయింది. అప్పుడు తాళంచెవి నా దగ్గర ఉంది. అతను అడిగాడు. లేదన్నాను. తర్వాత కాల్చేశాను. ఈ నాలుగు వాక్యాలూ ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాశాను. రాసినవి మళ్ళీ ఒకసారి చదివాను. సరిగ్గానే ఉన్నాయి.

పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. లేచి అన్నం పెట్టుకుంటాను.