ఫ్రిజ్‌కు సెలవిచ్చిన గోవిందస్వామి

గోవిందస్వామి గురించి చెప్పాలంటే ముందు నా మీద నాకే ఒళ్లు మండుతుంది. తిరుపతిలో నేను టెక్నీషియనుగా ఉన్న ల్యాబులో అతను పదకొండేళ్లు దినకూలీ అటెండరు. మైక్రోస్కోపు మూత తీసే ముందు దాన్ని కళ్లకద్దుకునేవాడు. మేము నవ్వేవాళ్లం. ఎనభై ఆరులో అతన్ని పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు కదిలింది.

ఆ ఏడే పెరుందేవి అనే పరిశోధకురాలికి విదేశం నుంచి చిన్న సీసాలో యాంటీబాడీ ద్రావణం వచ్చింది. మన రక్తంలో రోగంతో పోరాడే టి కణాలుంటాయి కదా, వాటి మీదుండే ఒక గ్రాహకాన్ని, అంటే రిసెప్టరును, మాత్రమే వెతికి పట్టుకుంటుందది. పట్టుకున్న కణం మైక్రోస్కోపులో పచ్చగా మెరుస్తుంది. కుష్ఠురోగుల్లో ఆ కణాలెన్ని మిగిలాయో లెక్క తేల్చడమే ఆమె పని. తొమ్మిది నెలలు ఎదురుచూసిన సీసా! డిసెంబరుతో ఆమె ఫెలోషిప్పు అయిపోతుంది. చల్లదనం తప్పితే చెడిపోతుందని సీసాను కొత్తగా కొన్న ఫ్రిజ్‌లో పెట్టాం.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు లారీ మొదలు కుట్టుమిషను దాకా అన్నీ కడిగి, బొట్టు పెట్టి, పని చేయించకుండా వదిలేస్తారు. నేను చిత్తూరు బస్సుకు పరుగెత్తుతుంటే గోవిందస్వామి అడ్డం వచ్చాడు.

"దేవరాజులన్నా, ఈ ఫ్రిజ్‌కు గూడా సెలవియ్యాల గదా?"

"అన్నింటికీ ఇయ్యప్పా! నా పానం తియ్యాకు!" అన్నాను. అతనేమడిగాడో వింటే కదా!

మూడు రోజుల దసరా సెలవులయ్యాక తిరిగొచ్చాను. ఫ్రిజ్ తలుపుకు గంధం, కుంకుమ, చామంతి దండ. ప్లగ్గు పీకి పక్కన పెట్టి ఉంది. లోపల సీసాలోని ద్రావణం మజ్జిగతేటలా మసకబారింది. అయినా పెరుందేవి ఆశ చావక చీకటిగదిలో కూర్చుని పరీక్ష చేసింది. గంట తర్వాత బయటికొచ్చి, "ఒక్కటి గూడా మెరవలేదన్నా" అని గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ప్రొఫెసరు శఠగోపంగారు అందరినీ పిలిచారు. "ఎవరు చెప్పారయ్యా నీకు?"

గోవిందస్వామి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. పెళ్లాంబిడ్డలున్నారని సాకు చెప్పుకోవచ్చు. అదంతా అబద్ధం. భయపడ్డాను, అంతే.

"ఎవురూ సెప్పలేదు సార్. నాకే బుద్ధి లేకపాయ" అన్నాడతను.

మర్నాటి నుంచి రావద్దన్నారు. ఫైలు మూసేశారు.

జనవరిలో తిరుచానూరు వెళ్లాను. అతను అక్కడ ఒక లాడ్జీ ముందు బిందెలతో నీళ్లు మోస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. నిజం ఒప్పుకుని కాళ్లు పట్టుకుందామనే వెళ్లాను. బిందె దించి అతనే ముందు అడిగాడు.

"పెరుందేవమ్మకు ఆ మందు మళ్లా వచ్చిందా అన్నా?"

"రాలేదప్పా. సదువు వదిలేసి ఊరికి పాయింది."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నన్ను తీసేసిందే న్యాయమన్నా. ఆ బిడ్డ బతుకు నా సేతుల్తో పాడు జేసినాను."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను.

"బస్సుకు టైమైందప్పా" అన్నాను.