మా అమ్మాయి ప్రొఫెసర్ పిలిచిందని ప్లేనో నుంచి ఆస్టిన్‌కి

"అమ్మా, ఫ్రైడే ఆస్టిన్ రా. మా ప్రొఫెసర్ నిన్ను మీట్ అవ్వాలి" అని మా అమ్మాయి హారిక ఫోన్ చేసినప్పటి నుంచీ నాకు అనుమానమే. కాలేజీ పిల్లల తల్లుల్ని ఊరికే పిలవరు కదా, ఏదో కొంప మునిగే ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ మానేస్తుందేమో. ఆ సెమిస్టర్‌లో నల్లజాతి స్త్రీవాదుల రచనల మీద ఏదో కోర్సు తీసుకుంది. అప్పటి నుంచి ఫోన్లో నన్ను అన్నీ ప్రశ్నలే. ఇది 2012 నాటి మాట.

ప్లేనోలో ఉదయం ఆరున్నరకి బయల్దేరాను. ఏడు దాటితే డాలస్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం. తర్వాత ఐ-35 హైవే మీద తిన్నగా దక్షిణానికి, ఆగుతూ వెళ్తే నాలుగున్నర గంటలు. సగం దారిలో వెస్ట్ అనే చిన్న ఊళ్లో కొలాచీలనే తీపి బన్నులు దొరుకుతాయి, ఒక్కోటి రెండు డాలర్ల లోపే. మాంసం పెట్టినవీ ఉంటాయి కాబట్టి, ఆప్రికాట్ పండు పెట్టినదాన్ని చూపించి ఇందులో మాంసం లేదు కదా అని మూడుసార్లు అడిగాను. కౌంటర్ దగ్గరి పెద్దావిడ ఒకటి విరిచి చూపించి, ఎవరినీ నమ్మరా మీరు అంది. ఈ రోజు మాత్రం నమ్మను అన్నాను.

యూనివర్సిటీ గ్యారేజీలో కారు పెట్టేసరికి పదకొండు. ప్రొఫెసర్ జుట్టు నెరిసిన నల్లజాతి మహిళ. నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని టీ ఇచ్చింది. మర్యాద ఎక్కువైతే నాకు ఇంకా భయం. పుస్తకాలకెక్కని అమ్మల మాటల్ని కూడా జ్ఞానంగానే చూడాలని తన ముందు తరం నల్లజాతి స్త్రీలు రాశారనీ, అందుకే తన క్లాసులో ఎవరి మాట వాడుకున్నా వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని అనుమతి అడగాల్సిందేననీ చెప్పింది.

హారిక తన వ్యాసం నా ముందు పెట్టింది. ఇంగ్లీషు మధ్యలో ఒక్క తెలుగు వాక్యం: "నాకు పని చేతకాదనకండి. పర్మిట్ లేదనండి."

గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసిన నేను, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న ఆరో ఏడు, పడకగది తలుపు వేసి మా ఆయనతో అన్న మాట అది. హారికకి అప్పుడు ఎనిమిదేళ్లు.

"నీకెలా తెలుసే?"

"డోర్ బయట ఉన్నాను అమ్మా. చాలాసార్లు. నువ్వు నో అంటే తీసేస్తాను."

ఇది ఎవరెవరు చదువుతారని అడిగాను. మా ఆయన చూస్తే? ప్లేనోలో నలుగురికీ తెలిస్తే? క్లాసు వరకేనంది ప్రొఫెసర్. నమ్మానని చెప్పలేను. కానీ ఆ వాక్యం కింద ఎవరన్నారో చెప్పేచోట 'మా అమ్మ' అని మాత్రమే ఉంది. పెన్ను తీసుకుని అది కొట్టేసి, సుభద్ర, కెమిస్ట్రీ లెక్చరర్ అని రాశాను.

పిల్ల నా దగ్గర ఏం దాస్తోందోనని దారి పొడుగునా అనుమానిస్తూ వెళ్లాను. నేను దాచింది దానికి ఎప్పుడో తెలుసన్న అనుమానం మాత్రం ఒక్కసారీ రాలేదు. సిగ్గేసింది, సంతోషమూ కలిగింది. వెళ్లేవాళ్లకి ఒక సలహా: శుక్రవారమైతే ఆస్టిన్ నుంచి రెండింటికల్లా బయల్దేరండి, మూడు దాటితే ఐ-35 కదలదు. నాకు ఆ సంగతి ముందే తెలుసు. అయినా ఐదింటిదాకా హారిక పక్కనుంచి లేవలేదు.