మామగారి మఫ్లరుకు గంజి పట్టించిన వైనం

బెజవాడలో మే నెలలో ఊలు పట్టుకుని బాగుపడినవాడు లేడు. నేను బాగుపడకపోవడమే కాదు, రెండు గజాలు కూడా లేని ఒక మఫ్లరుతో ఉన్న పరువంతా పోగొట్టుకున్నాను. ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో అందరూ నాలుగేళ్ల కిందటే నవ్వేశారు, మీరే మిగిలారు.

ముందు మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన చల్లపల్లి దగ్గర వరి పండించే మనిషి. నేనూ శ్యామలా ఆయన్ని అడక్కుండా పెళ్లి చేసుకున్నాం. కొన్నాళ్లకి కూతురితో మాటలు కలిపారు గానీ నాతో కలపలేదు. మా ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, "మీ ఆయన్ని ఫ్యాన్ కాస్త పెంచమనమ్మా" అనేవారు. రెండేళ్లు అలాగే గడిచాయి. పైకి నవ్వేవాణ్ణి గానీ లోపల చాలా బాధగా ఉండేది.

ఆ వేసవిలో ఆయన ఊరివాళ్లతో కలిసి బదరీనాథ్ బయల్దేరారు. రైలు బెజవాడలోనే ఎక్కాలి. అక్కడ చలి ఎక్కువట, మంచి మఫ్లరొకటి కొనిద్దామంది శ్యామల. కొనడమేమిటి, నా చేతులతో అల్లి ఇస్తాను, మెడకి వెచ్చగా తగిలితే నోరు అదే పెగులుతుంది అన్నాను. మీకు అల్లడం వచ్చా అని అడిగింది. మాది పెడనలో నేత ఇల్లు. మా తాతలు చీరలు నేశారు, మా చేతులు చూడండి అనే రకాన్ని నేను. నిజానికి నేను మగ్గం గుంటలోకి దిగింది ఒక్కసారే, అందులో పడ్డ బంతి తీసుకోవడానికి.

వన్‌టౌన్‌లో నాలుగు నీలం ఊలు ఉండలూ, రెండు సూదులూ కొన్నాను. 'మొదటిసారి అల్లేవారికి అతి సులువైన మఫ్లర్' అనే వీడియో ఫోన్లో పెట్టుకున్నాను. అందులో ఆవిడ కబుర్లు చెబుతూ, మధ్యలో కాఫీ తాగుతూ అల్లేసింది. నేను చెమటలు కక్కుతూ, పళ్లు బిగించి అల్లాను. ముప్ఫై కుట్లతో మొదలుపెట్టానా, ఎక్కడి నుంచి వచ్చి చేరాయో, చివరికి నలభై ఏడయ్యాయి. జానెడు వెడల్పుతో పుట్టిన మఫ్లరు మూరెడై ఆగింది. అంతకంటే ఘోరం ఏమిటంటే, రెండు అంచులూ నిప్పుల మీద అప్పడంలా లోపలికి చుట్టుకుపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

రైలు ఎల్లుండి. దిక్కు తోచక మా నాన్నకి ఫోన్ చేశాను. ముప్ఫయ్యేళ్లుగా మగ్గం నేస్తున్న మనిషికి, కొడుకు సూదులతో మఫ్లరు అల్లుతున్నాడనీ, అదీ మామగారి మెప్పు కోసమనీ చెప్పడానికి నామోషీ వేసింది. అందుకని సగమే చెప్పాను.

"నాన్నా, గుడ్డ అంచులు చుట్టుకుపోతున్నాయి. ఏం చెయ్యాలి?"

"గంజి చాల్లేదురా. పల్చగా కాచి, బాగా పట్టించి, ఎండలో సాపుగా ఆరెయ్. ఇంతకీ ఏం గుడ్డ?"

"మామూలుదే."

"పోన్లే, ఇన్నాళ్లకి పని గురించి అడిగావు."

ఆ గొంతులో సంతోషం విన్నాక అది ఊలని చెప్పడానికి నోరు రాలేదు. నూలుకి పనికొచ్చింది ఊలుకి పనికిరాకపోతుందా అనుకున్నాను. వినాశకాలం అంటే ఇదే.

పల్చగా అంటే ఎంతో తెలియక చిక్కగానే కాచాను. గంజి పట్టించి, మేడ మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. సాయంత్రానికి అంచులు సాపుగా వచ్చాయి. అయితే ఒక కొస పట్టుకుని ఎత్తితే రెండో కొస కూడా నిటారుగా లేచింది. శ్యామల వేలితో కొట్టి చూసి, "చప్పుడొస్తోందండీ" అంది. మెడ వేడికి మెత్తబడుతుందని ధైర్యం చెప్పాను. ఆమెకి కాదు, నాకు.

స్టేషన్లో మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి ఇదేమిటని కూతుర్ని అడిగారు. మఫ్లరనీ, నేనే అల్లాననీ చెప్పింది. సంచిలో పెట్టబోతే మడత పడలేదు. చివరికి గొడుగులా చంకలో ఇరికించుకుని, నాకేసి చూడకుండా రైలెక్కారు. ఇక ఈ జన్మకి ఆయన నాతో మాట్లాడరని తేలిపోయింది.

తొమ్మిదో రోజు శ్యామల ఫోన్ మోగింది. వాళ్ల నాన్న నాకు ఇమ్మన్నారట. చెవికి పెట్టుకున్నాను.

"ఏమయ్యా, దీనికి ఏం పూశావు?"

రెండేళ్లలో నాతో అన్న మొదటి మాట అది. గంజండీ అన్నాను. "గంజా?" అని, జరిగిందంతా చెప్పారు. అక్కడ పెద్ద వాన పడిందట. గంజి కరిగి కాలర్లోంచి వీపు మీదుగా పంచెలోకి జారిందట. ఆ పులిసిన వాసనకి కుడితి అనుకుని ఒక ఆవు బస్టాండు నుంచి వెంటపడి కొస కరుచుకుందట. ఈయన ఇటు లాగితే, అదటు లాగితే, మఫ్లరు సాగిందే గానీ తెగలేదట.

"ఉరి పడుద్దేమోనని వదిలేశా. పుణ్యక్షేత్రంలో ఆవుతో పోట్లాడతామా? గంజంతా చీక్కుని, ఊలు ఊసేసి పోయింది."

"తప్పయిపోయిందండీ మావయ్యగారూ."

"మా వాళ్లందరూ ఎక్కడిదని ఒకటే అడగటం. బజార్లో కొన్నానని చెప్పా. మా అల్లుడు ఇంత పనికిమాలినోడని నలుగుర్లో చెప్పుకుంటామా?"

ఫోన్ శ్యామలకి ఇచ్చేశాను. పనికిమాలినోడైతేనేం, మా అల్లుడు అన్నారు. ఆ ఆనందంలో ఒళ్లు మరిచి మా నాన్నకి ఫోన్ చేసి కథంతా చెప్పేశాను, గుడ్డ ఊలుదన్న సంగతితో సహా.

అంతా విన్నాక నాన్న అడిగిన మాట ఒక్కటే.

"ఈ సంగతి మన ఊళ్లో ఎవరికన్నా చెప్పావా?"

లేదన్నాను.

"చెప్పకు. మేమింకా ఇక్కడ మగ్గం మీద బతకాలి."

ఆ మర్నాటి నుంచి మా మామగారు నాతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టారు. అదే మర్నాటి నుంచి దసరా దాకా మా నాన్న నా ఫోన్ ఎత్తలేదు.

అందుచేత, దుర్గమ్మ కొండవైపు తిరిగి, తడిబట్టలతో, శ్యామల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో అల్లిక సూదులు ముట్టను. ఎవరినైనా సలహా అడగాల్సి వస్తే, అది ఏం గుడ్డో ముందు చెబుతాను.