రాజలింగం పటంలో కళ్లు లేని జనం

1938లో హైదరాబాదు ఆబిడ్స్‌లో నేనో చష్మాల, అంటే కళ్లద్దాల, దుకాణం పెట్టాను. దుకాణమని మర్యాదకు అంటున్నాను. ఒక బూట్ల షాపుకూ ఒక బేకరీకీ మధ్య మిగిలిపోయిన సందుకు ఎవరో పుణ్యాత్ముడు తలుపు బిగించాడు. గిరాకీ లోపలికి వస్తే నేను ఊపిరి బయటికి వదలాలి; ఇద్దరం ఒకేసారి పీల్చుకునే వసతి లేదు. చూపు పరీక్షకు అక్షరాల చార్టు కొంత దూరంలో ఉండాలి. ఆ దూరం నా దగ్గర లేదు కాబట్టి గిరాకీని బయట ఫుట్‌పాత్ మీద స్టూలు వేసి కూర్చోబెట్టేవాణ్ణి. ఎవరైనా చార్టులో ఆఖరి వరుస చదివేస్తే ఆబిడ్స్‌లో సగం జనం ఆగి చప్పట్లు కొట్టేవారు. చదవలేకపోతే మిగతా సగం అందించేవారు.

ఇంత వైభవానికి బోర్డు లేకపోవడం బాగుండదని రాజలింగాన్ని పిలిపించాను. అతను బోర్డులు రాసేవాడు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ముత్యాల్లా రాస్తాడని పేరు. ‘హైదరాబాదులోకెల్లా గొప్ప చష్మాల దుకాణం’ అని రాయమన్నాను. అతను కుంచె చెవి మీద పెట్టుకుని నన్ను కింది నుంచి పైకి చూశాడు.

“పంతులూ, హైదరాబాద్‌ల ఉన్న చష్మాల దుకాణాలన్నీ తిరిగొచ్చిన్రా?”

“లేదయ్యా.”

“మరి గీదే గొప్పదని ఎట్ల రాయాలె?”

“పోనీ, ‘మంచి’ అని రాయి.”

“చష్మాలు పెట్టుకున్నోళ్లు వచ్చి చెప్తే గప్పుడు సూద్దాం. అబద్ధం రాస్తే గీ దినం నా పని పోతది.”

చివరికి నా బోర్డు మూడు భాషల్లోనూ ‘చష్మాల దుకాణం’ అన్న రెండు మాటలతో వెలిసింది. ఊళ్లో బోర్డుల మీద అందరూ చక్రవర్తులే, నేనొక్కణ్ణే గుమాస్తా. నా గతే నయం. బేగం బజారులో ‘అసలు నెయ్యి’ అని రాయమన్న వ్యాపారిని రాజలింగం జర రుచి చూపించమన్నాడట. చూశాక నిచ్చెన దిగిపోయాడట. ఆ వ్యాపారి నిచ్చెన భుజాన వేసుకుని కాచిగూడ దాకా తరిమాడని చెప్పుకునేవారు.

‘నా పని’ అంటే ఏమిటో అతను నాకు మెల్లగా చెప్పాడు. వాళ్లది పటాలు రాసే ఇల్లు. పటమంటే చాపలా చుట్టే పొడుగాటి బట్ట. దాని మీద బొమ్మలతో కథంతా ఉంటుంది. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి దాన్ని కొంచెం కొంచెం విప్పుతూ పాడతారు. రాజలింగం తండ్రి గొప్ప చేయి. అయితే ధాన్యం ఇచ్చిన దొర ముఖమే కథలో రాజుకు పెట్టేవాడు. గిట్టనివాడి ముఖం రాక్షసుడికి పెట్టమంటే అదీ పెట్టేవాడు.

“మా ఊరోళ్లు ఒక్కలు గూడ ఏ పటంల లేరు పంతులూ. నేసేటోళ్లు, బట్టలుతికేటోళ్లు, వెట్టిమూటలు మోసేటోళ్లు... ఊరు ఎట్లుండెనో గట్లనే రాయాలె. అది రాసే చెయ్యి అబద్ధం ఆడొద్దు.”

ఏటా ఉగాది పొద్దున పచ్చడి తిన్నాక పటం చుట్ట ముందు కూర్చుని అదే సంకల్పం చెప్పుకునేవాడు. నోటి నుంచి ఒక్క అబద్ధం వచ్చిన రోజు పటం మీద చెయ్యి వేయకూడదు. ఆ సంకల్పం ఇంట్లో భార్యకు కూడా తెలియదు. చెప్పుకుంటే గొప్పకోసమని అయిపోతుందట. పటం ఎప్పుడవుతుందని నేను పదేపదే వేళాకోళం చేస్తే విసుగొచ్చి నాకు చెప్పాడు.

కొన్నేళ్లు గడిచాక నా బోర్డు వెలిసిపోయి, మళ్లీ అతన్నే పిలిచాను. రంగు వేసి దిగాడు. చూస్తే మధ్య అక్షరాలు ముత్యాలే, కుడి అంచునా ఎడమ అంచునా జానెడు మేర పాత రంగు అలాగే ఉంది. “అంచులు మరిచావా?” అన్నాను. “ఏ అంచులు?” అన్నాడు. లోపలికి వస్తూ తలుపు చెక్కకు భుజం కొట్టుకున్నాడు. నా దుకాణంలో అది అందరికీ మామూలే. కానీ అతను ఏనాడూ కొట్టుకోలేదు.

స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆఖరి వరుస గడగడా చదివేశాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, ముక్కు మీదికే చూడమని చెప్పి, అతని చెవి పక్క నుంచి నా వేలు ముందుకు జరిపాను. దీన్ని మేం ఫీల్డ్ పరీక్ష అంటాం, పక్కచూపు ఎంత ఉందో తెలుసుకోవడానికి. వేలు అతని కణత దాటింది, చెంప దాటింది. “ఇంకా పెట్టలేదా పంతులూ?” అన్నాడు.

డాక్టర్లు దాన్ని గ్లాకోమా అంటారు, హకీములు కాలా మోతియా అంటారు. చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది. చివరిదాకా మధ్యలో బాగానే కనిపిస్తుంది గనుక మనిషికి తెలియదు. చష్మాలతో పోయేది కాదు. దవాఖానకు పంపాను. పోయిన చూపు తిరిగిరాదనీ, చుక్కల మందుతో ఉన్నది నిలిస్తే వచ్చే ఎండాకాలం దాకా నిలవవచ్చనీ అక్కడి డాక్టరు చెప్పాడు.

“ఎండాకాలం దాకనా? గంతవరకు ఐపోతది,” అన్నాడు రాజలింగం, గెలిచినవాడిలా. “మనుషులందరు ఐన్రు. కండ్లే బాకీ.” వాళ్ల ఆచారంలో బొమ్మలకు కళ్లు ఆఖరున పెడతారు, అందరికీ ఒకే ఊపులో. అంతవరకూ బొమ్మకు ప్రాణం రాదంటారు.

గుమ్మం దాటబోతూ ఆగాడు. “నర్సమ్మకు చెప్పొద్దు. నా మీద ఒట్టు.”

నర్సమ్మ అతని భార్య. ఆమె తండ్రి గుడ్డివాడు. ఆమె బాల్యమంతా ఆయన చెయ్యి పట్టుకుని నడిపించడంతోనే పోయింది. పెళ్లయిన కొత్తలో రాజలింగాన్ని ఆమె కోరింది ఒక్కటే: ఇక ఎవరినీ చెయ్యి పట్టి నడిపించే బతుకు తనకు వద్దని.

నెల తర్వాత కనిపించాడు. ఎన్ని కళ్లు పెట్టావన్నాను.

“ఒక్కటి గూడ లేదు.”

“అదేంది?”

“పొద్దుగాల లేస్తనే నర్సమ్మ అడుగుతది, కండ్లెట్లున్నయని. మంచిగున్నయని నేనంట. గంతే, ఆ దినం పాయె.”

నవ్వడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. “నిజం చెప్పు, లేకపోతే ఆ ఉగాది ఒట్టు పక్కకు పెట్టు. దేవుడు నీ కుంచె పట్టుకుని లెక్కలు చూస్తున్నాడా?” అన్నాను.

“చెప్తే ఆమె బతుకు మళ్ల మొదటికొస్తది. ఒట్టు పక్కకు పెడితే గది మా నాయిన పటమైతది. నువ్వే చెప్పు, ఏది ఇడిసిపెట్టాలె?”

నా దగ్గర అన్ని నెంబర్ల అద్దాలూ ఉన్నాయి. దానికి మాత్రం లేదు. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. అతను వచ్చినప్పుడల్లా అదే మాట: “అడిగింది. చెప్పిన.”

ఎండాకాలం మొదట్లో నర్సమ్మే వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు.

“అయ్యా, ఆయనకు ఇంక ఎంత కనబడుతది?”

రాజలింగం పెట్టిన ఒట్టు గుర్తొచ్చి నేను అద్దాలు తుడవడం మొదలుపెట్టాను.

“దాయకున్రి. మా నాయిన గూడ గిట్లనే గిలాసకు జానెడు పక్కన చెయ్యి పెట్టేటోడు. ఆయనకన్న ముందు నాకే తెల్సింది.”

“మరి దినాం ఎందుకడుగుతున్నవమ్మా?”

“తనంతల తాను చెప్తడేమోనని. చెప్తే చెయ్యి పట్టుకుందామని.”

అప్పుడు ఆమెకు సంకల్పం సంగతి చెప్పాను. ఆమె గోడకు ఆనుకుంది. “అయితే దినాం నేనే ఆపిన్నా?” అంది.

ఆ సాయంత్రమే ఆమె వెంట నాంపల్లి వెళ్లాను. స్టేషన్ వెనక వాళ్ల కిరాయి గది. నర్సమ్మ అతని ఎదుట కూర్చుని, “నాకు ముందుగాలే తెల్సు. ఇగ దాసిపెట్టుడు లేదు,” అంది. రాజలింగం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత పటం తెమ్మన్నాడు. గది చాలదు కాబట్టి ఒక చివర విప్పుతూ ఇంకో చివర చుట్టారు. ఊరంతా ఉంది. మగ్గం మీద వంగినవాళ్లు, చాకిరేవు, మూటల కింద నడుములు. నేను పెంచి చెప్పడానికి ఏమీ మిగల్చకుండా రాశాడు. ఒక్కరికీ కళ్లు లేవు.

కిటికీ దగ్గర కూర్చుని, వేళ్లతో బట్ట తడిమి, వెట్టిమూట మోస్తున్న ఒక ఆడమనిషి ముఖం వెతుక్కున్నాడు. కుంచె ముంచి రెండు చుక్కలు పెట్టాడు.

“ఎట్లున్నయి?”

ఒకటి చెవి మీద పడింది. ఒకటి మూట మీద.

నేను నర్సమ్మను చూశాను. ఆమె పటాన్నే చూస్తోంది. “సక్కగున్నయి,” అంది.

ఆ గొంతు అతను ఎన్నేళ్ల నుంచి విన్నదో, కళ్లు తప్పుచోట పడ్డాయని అందులోనే తెలిసిపోయింది. కుంచెను నీళ్ల గిన్నెలో పెట్టాడు. ఆమె వైపు తిరిగి, కోపం లేకుండా అన్నాడు: “అబద్ధం నేనిడిసిన. నువ్వు పట్టుకున్నవు. గీ ఇంట్ల అబద్ధం లేని దినం ఇగ రాదు నర్సమ్మా. సుట్టెయ్యి.”

ఆమె చుట్టేసింది. మళ్లీ ఆ పటం విప్పలేదు. తర్వాత చాలాకాలం, బషీర్‌బాగ్ వైపు వెళ్లే దారిలో ఆమె అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం చూసేవాణ్ణి.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. పోయే చూపు అని తేలితే, ఆ మాట గిరాకీకి ఒంటరిగా చెప్పను. ‘ఇంట్లో ఎవరికి చెప్పడానికి భయపడతావు’ అని అడిగి, ఆ మనిషిని పిలిపించి, ఇద్దరికీ ఒకే ఊపిరిలో చెబుతాను. దానివల్ల ఇప్పటిదాకా ఎవరి కళ్లూ బాగుపడలేదు. బోర్డు మాత్రం అలాగే ఉంచాను. మధ్యలో ముత్యాలు, అంచులకు పాత రంగు. ‘మంచి’ అని చేర్చమని మరెవర్నీ అడగలేదు.