నూట ఎనిమిదో ఇల్లు

చావు జరిగిన ఇంటి గడప దగ్గర సీతారామాంజనేయులు కళ్లు మూసుకుంటాడు. చెప్పులు బయట విడిచి, ఎడమచేత్తో గోడ తడుముకుంటూ ఏడుపు వినబడే వైపు నడుస్తాడు. ఏడ్చేవాళ్ల తల దొరికేదాకా కుడిచెయ్యి గాలిలోనే ఉంటుంది. దొరికాక తల మీద పెట్టి, ఇక తీయడు.

గోడ మీది ఫోటో చూడకుండా పోయినవాళ్ల రూపం చెప్పడం అతని గొప్ప. ఆ రూపాన్ని వీధి మలుపులో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ముందే చూసి వస్తాడు. దీన్ని మోసమంటే నొచ్చుకుంటాడు. జనం నమ్మడానికి చిన్న ఆసరా కావాలి, అంతే అంటాడు. నిజంగానే అలా అనుకుంటాడు. అతనిలో అన్నిటికన్నా రోత పుట్టించేది అదే.

హిందూపురంలో అతనికి కిరాణా అంగడి ఉంది. దాన్ని భార్య సుమతి నడుపుతుంది. అతను ఊరవతలి మందిరానికి మనుషులను చేరుస్తాడు. అక్కడి గురువుగారు పోయినవాళ్ల మాటలు బతికున్నవాళ్లకు వినిపిస్తారని పేరు. నూట ఎనిమిది కుటుంబాలను తెచ్చినవాడికి పౌర్ణమి నాడు తెల్ల శాలువా కప్పి, వేదిక మీద గురువుగారి పక్కన కూర్చోబెడతారు. సీతారామాంజనేయులు తెచ్చినవి నూట ఏడు. పౌర్ణమి ఇంక నాలుగు రోజులు.

"మూడో దినం లోపల ఆ ఇంటికి పోతే మన మాట చెవికెక్కదు. పదకొండో దినం దాటితే అన్నం తినేకి మొదలుపెడతారు, అప్పుడూ ఎక్కదు," అని కొత్తగా చేరినవాళ్లకు నేర్పుతాడు. నడుమ ఉన్న ఆ వారమే అతని పంటకాలం.

ఆ రోజు ధర్మవరం రైలెక్కాడు. నేతగాళ్ల వీధి మలుపులో ఫ్లెక్సీ కనబడింది. ఆషాఢం గాలికి పైతాడు తెగి, సగం వెనక్కి మడతపడి ఉంది. మిగిలిన సగంలో ఎర్రచొక్కా కుర్రవాడు, కోరమీసం, నెత్తి మీదికి నెట్టిన నల్లద్దాలు. కింద పదకొండో దినం తేదీ, ఇంటి చిరునామా. మడత విప్పి చూడాలని అతనికి తోచలేదు. అంత పెద్ద బొమ్మ పోయినవాడిది కాక ఇంకెవరిది?

పోయినవాడు తిమ్మరాజు. యాభై ఏళ్ల నేతగాడు. మగ్గం మీద కూర్చునే గుండె ఆగి పోయాడు. సగం నేసిన పట్టుచీర అలాగే ఉంది. ఐదు రోజులుగా భార్య కళావతి దాని ఎదురుగానే కూర్చుంది. తాను ముట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఎక్కిళ్లు వినబడిన వైపు నడిచిన సీతారామాంజనేయులు కుడిచెయ్యి ఆమె తల మీద పడింది.

"వెలుగులో ఉన్నాడమ్మా. నాకు కనబడుతున్నాడు."

ఐదు రోజుల తర్వాత కళావతి నోరు విప్పింది.

"కనపడతాండాడా సామీ? అట్లయితే ఒక్క మాట అడుగు. ఆ చీర నన్ను నెయ్యమంటాడా, కోసెయ్యమంటాడా? ఆ మగ్గం మీద నన్నెప్పుడూ కూచోనీలేదు. కూచుంటే కోపమొస్తాదేమో."

సీతారామాంజనేయులు వినలేదు. పెనుకొండ స్టేషను నుంచి వల్లించుకుంటూ వచ్చిన మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

"పౌర్ణమికి మందిరానికి రండి. అన్నీ తనే చెబుతాడు. 'అమ్మా, నాకోసం ఏడవొద్దు' అంటున్నాడు."

"అమ్మా అన్నాడా? నన్నా?"

"నన్నేమోలేమ్మా," అంది మూల నుంచి తిమ్మరాజు తల్లి సిద్దమ్మ. "నేను గదా కన్నదాన్ని. ఎట్లుండాడప్పా నా కొడుకు?"

"ఎర్రచొక్కా. కోరమీసం. నల్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని నవ్వుతున్నాడు."

గడప దగ్గర ఎవరికో టీ పొలమారింది.

"ఓరి ఆనందూ," అంది సిద్దమ్మ. "నువ్వెప్పుడు సచ్చినావురా?"

ఆనంద్ ఆ వార్డు యువనాయకుడు. టీ గ్లాసుతో గడప దగ్గర, ఎర్రచొక్కాలోనే ఉన్నాడు.

"ఫ్లెక్సీ ఏయించింది నేను గదవ్వా..."

"ఏయించినావులే. సచ్చినోనికంటే నీ మొగమే పెద్దది ఏసుకుంటివి. సూడు, సామి నిన్ను సర్గానికి పంపించినాడు."

ఎవరో నవ్వారు. కళావతి నవ్వలేదు. సీతారామాంజనేయులు కళ్లు తెరిచాడు. ఎదురుగా గోడ మీద తిమ్మరాజు. నెరిసిన జుట్టు, తెల్లచొక్కా, నవ్వులేని మొగం.

"వెలుగులో అందరూ వయసులోనే కనబడతారమ్మా," అన్నాడు.

చీర మీద పడ్డ పురుగును తీసినట్టు కళావతి రెండు వేళ్లతో ఆ చేతిని తల మీది నుంచి తీసేసింది.

"నేనడిగింది నువ్వు వినను కూడా లేదు. నెయ్యమన్నాడని ఒక్క అబద్ధం చెప్పింటే నమ్మేదాన్ని. నీ యెంబడి యాడికైనా వచ్చేదాన్ని. పో సామీ. కండ్లు తెరుచుకొనే పో, గడప తగుల్తాది."

అతను చెప్పులు వేసుకుంటుంటే లోపల మగ్గం చప్పుడు మొదలైంది. ఒక దెబ్బ, చాలాసేపు ఏమీ లేదు, ఇంకో దెబ్బ.

సాయంత్రం హిందూపురంలో సుమతి తలకు గుడ్డ కట్టుకుని కందిబేడలు తూస్తోంది.

"అయిందా నీ నూట ఎనిమిది?"

"ఫ్లెక్సీ మడతపడింది."

"మూన్నాళ్లాయె జరం. ఊరందరి నెత్తిన పెట్టే చెయ్యి, ఒకసారి నా నెత్తిన పెట్టి సూడు. కాల్తాండాది."

అతను ఫోనులో పౌర్ణమి తేదీ చూసుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే బత్తలపల్లి కూడలిలో బస్సు దిగాడు. కొత్త ఫ్లెక్సీ, ఎవరో ముసలామెది. ఈసారి పై నుంచి చదివాడు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. గాలికి మడతపడ్డ మూలను, టీ అంగడి స్టూలు అడిగి తెచ్చుకుని ఎక్కి, విప్పి చూశాడు. వేయించినవాడి మొగాన్ని కూడా గుర్తు పెట్టుకున్నాడు. స్టూలు తిరిగిచ్చి, ఇంటి దారి అడిగి నడిచాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, కళ్లు మూసుకున్నాడు.