మా కార్తీక్ సీటు

ఇక్కడ జర్మనీలో డాక్టరు చదువుకి పోవాలంటే మన ఇంటరు పిల్లలు ముందు ఏడాదిపాటు స్టూడియన్‌కొల్లెగ్ అనే కాలేజీలో చదవాలి. మా అబ్బాయి కార్తీక్‌కి అందులో సీటొచ్చింది. ముందు కెమిస్ట్రీ, దాంతోపాటే జర్మన్ అని ప్లాను కూడా వేసుకున్నాడు. ఇంతలో యాక్సిడెంటులో వాడే పోయాడు.

ఈ రోజు పరామర్శకని పక్క వీధి సునీత వచ్చింది. నేనిచ్చిన కాఫీ తాగుతూ అడిగింది.

"అక్కా, కార్తీక్ సీటు ఖాళీగనే ఉన్నది గద. మా పాపకియ్యమని కాలేజోళ్లకు మీరొక్క మాట చెప్పరాదా?"

"వాడు పోయి నెల కూడా కాలేదు సునీతా."

"అందుకే అక్కా, క్లాసులు షురూ కాకముందే అడుగుతున్న."

అసహ్యమేసింది. ఆమె వెళ్లాక ఆ కప్పు కడగబుద్ధి కాలేదు, కిందికి తీసుకెళ్లి పడేశాను. ఇక్కడ ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో రూలుంది. ఏ డబ్బానో నేను చూడలేదు. తప్పంటారా?